బాపు చెప్పిన ఇంగ్లీషు మాటలు

గోదావరిఖనిలో నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా ఇంగ్లీషు టీచరు ఒక పని పెట్టింది. ఎ నుంచి జెడ్ దాకా ఒక్కో అక్షరానికి రెండు మాటలు, ఎదురుగా తెలుగులో అర్థాలు రాసుకుని రావాలి. యాపిల్, క్యాట్ వద్దని ముందే చెప్పింది. బడి మొత్తానికి ఒకటే డిక్షనరీ. అది హెడ్మాస్టరు బీరువాలో ఉండేది.

మా బాపు బొగ్గుబాయిలో పని చేసేవాడు. బడి మొహం చూడలేదు. ఆ సాయంత్రం మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, వాకిట్లో మంచం మీద చాయ్ తాగుతున్నాడు. నేను 'డి' దగ్గర ఆగిపోయి కూర్చున్నాను.

"ఏమైంది బిడ్డా?"

"ఇంగ్లీషు మాటలు కావాలె బాపు. నీకు తెల్వయి."

"ఎందుకు తెల్వయి? దినాం ఇంగ్లీషులనే పని చేస్త. రాస్కో, డ్యూటీ."

"డ్యూటీ అంటే?"

"నువ్వు లేవకముందే నేను పొయ్యేది."

నవ్వుకుంటూ రాశాను. 'జి'కి గ్యాస్ అన్నాడు. కంటికి కనబడదట, దీపం మంట చూసి పసిగట్టాలట. 'ఆర్'కి రూఫ్. అది నాకు తెలుసు కాబట్టి ఇంటి కప్పు అని రాసేశాను. చదవమన్నాడు. చదివితే తల అడ్డంగా ఊపాడు.

"అది గాదు. రూఫ్ అంటే, కింద కూసునే ముందు కట్టెతోని కొట్టి వినేది. ఖంగుమంటే మంచిది. బొదబొదమంటే ఎన్కకు రావాలె."

చాయ్ తాగుతూ మామూలుగానే చెప్పాడు. బాపు బాయిలోకి పోతాడని తెలుసు గాని, అక్కడ ఆయన నెత్తి మీద ఏముంటుందో అప్పటిదాకా ఎన్నడూ అనుకోలేదు. నోట్సులో ఇంటి కప్పు అన్న మాట కొట్టేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. జెడ్‌కు మాత్రం ఇద్దరికీ ఏమీ దొరకలేదు.

మర్నాడు టీచరు నా నోట్సు చదువుతూ ఆగింది. బాయి ఆఫీసులో భర్త ఉద్యోగం కోసం వేరే జిల్లా నుంచి వచ్చిన మనిషి, బాయి లోపల ఎట్లా ఉంటుందో ఎరగదు.

"ఈ అర్థాలు ఎవరు చెప్పారు?"

"మా బాపు, టీచర్."

తిడుతుందనుకున్నాను. రూఫ్ అర్థాన్ని క్లాసుకు చదివి వినిపించింది. ఎవరూ నవ్వలేదు. సగం మంది తండ్రులు ఆ పనివాళ్ళే.

"డిక్షనరీలో ఉన్న అర్థం కూడా పక్కన రాసుకో, పరీక్షలో అదే అడుగుతారు. ఇది మాత్రం కొట్టెయ్యకు," అంది. తర్వాత 'ఎస్' కింద సర్దార్ అన్న మాట మీద ఎర్రగీత గీసి, "ఇది ఉర్దూ మాటమ్మా," అంది.

ఇంటికొచ్చి చెబితే బాపు మనసు ఆ గీత మీదే ఉండిపోయింది. బాయిలో వాళ్ళ పని చూసే పెద్దను అందరూ సర్దార్ అనే అంటారు.

"ఇంజినీరు దొర గూడ గట్లనే పిలుస్తడు. మరి దాన్ని ఇంగ్లీషుల ఏమంటరో అడుగు."

అడిగాను. టీచరుకూ తెలియలేదు. రెండు రోజుల తర్వాత తనే నా నోట్సు తెప్పించుకుంది.

"మావారిని అడిగాను. ఇంగ్లీషు కాగితాల్లో కూడా సర్దార్ అనే రాస్తారట," అని ఆ గీత పక్కన టిక్కు పెట్టింది.

బాపుకు చూపించాను. నోట్సు చేతిలోకి తీసుకుని కాసేపు ఆ టిక్కునే చూశాడు.

"మంచి టీచరమ్మ బిడ్డా," అన్నాడు. "తెల్వకపోతే అడిగింది."