బెల్లమే కదండీ, పంచదార కాదుగా

మా చిన్నతనంలో... పెదనాన్న గదిలోకి వెళ్ళే ముందు ఊపిరి బిగబట్టుకునేవాళ్ళం. కాలి బొటనవేలి దగ్గర పుండు. దాని మీద పెద్దమ్మ కాఫీపొడి అద్ది, పాత పంచె చింపి కట్టేది. ఆ కట్టు విప్పినప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నా గొంతులో ఉంది...

ఆ జబ్బుని అందరూ 'షుగరు' అనేవారు. చిక్కంతా ఆ పేరుతోనే. షుగరంటే పంచదార కదా... అందుకని మావాళ్ళు పంచదార మానిపించి, కాఫీలో బెల్లం వేసిచ్చేవారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆత్రేయపురం వెళ్ళి మరీ బెల్లం పూతరేకులు పట్టుకొచ్చేవారు.

"బెల్లంవే తెచ్చామండి. పంచదారవి అన్నయ్య గారికి పడవు కదా."

"ఎంత గుర్తండీ మీకు" అని పెద్దమ్మ మురిసిపోయేది.

పెదనాన్న మంచం మీద కూర్చుని, నెయ్యి కారే వేళ్ళు నాక్కుంటూ తినేవారు. ఈగలు కాసేపు పూతరేకు మీద, కాసేపు కట్టు మీద...

ముందు వేలు తీశారు. తర్వాత మోకాలి కింద వరకూ తీశారు. ఆ వేసవిలోనే ఆయన పోయారు. జ్ఞాపకార్థ కూడికలో ప్రార్థన అయ్యాక, ప్రతి విస్తరిలోనూ అవే పూతరేకులు.

"మీ పెదనాన్నకి ఇష్టం కదమ్మా, తిను" అన్నారెవరో. నేను పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను.

అప్పట్లో మా వీధిలో షుగరొచ్చిందంటే అంతే... పుండు, ఆస్పత్రి, శవపెట్టె.

ఇప్పుడలా కాదు. మా నాన్నకీ షుగరే. పెదనాన్న పోయిన వయసు ఆయన ఎప్పుడో దాటేశారు. మంచి మందులొచ్చాయి, వేలు గుచ్చి ఇంట్లోనే చూసుకునే మిషనుంది. వీధిలో ఇంకా చాలామంది అలాగే బతికి తిరుగుతున్నారు. దేవునికి స్తోత్రం. కానీ ఆ బతకడాన్నే సాకు చేసుకుంటుంటే అసహ్యమేస్తోంది...

మొన్న ఓ పెళ్ళి విందులో నాన్న రెండో మడతకాజా అందుకున్నారు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"వదిలెయ్యవే. అన్నయ్య రాత్రికి ఇంకో మాత్ర వేసుకుంటాడులే" అన్నాడు బాబాయి. "ఈ రోజుల్లో షుగరుతో ఎవరు పోతున్నారే?"

బల్ల దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. నాన్న కూడా... మీసానికి పాకం అంటుకుని ఉంది.

ఆటో ఎక్కాక చూశాను. నాన్న ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో ఆయనకి తెలియలేదు. పాదం నా ఒళ్ళో పెట్టుకుని తిప్పితే, మడమలో గాజుపెంకు. "నొప్పిగా లేదా నాన్నా?" అంటే, "ఎక్కడమ్మా?" అన్నారు.

మందులు మారాయి, మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు... మా వాళ్ళ మాటలు మాత్రం అక్కడే ఉన్నాయి. మీ ఇంట్లో షుగరున్న పెద్దలుంటే ఈ పూట వాళ్ళ అరికాళ్ళు ఒకసారి చూడండి. ఏం కనిపించిందో ఇక్కడ చెప్పండి...