లారీ సీటు మీద ఇద్దరం

నా చిన్నప్పుడు ఒక ఆదివారం మా చిన్న మావయ్య, అప్పుడే స్టార్టు చేసిన మోటారు సైకిలు ఇంజను ఆపేసి, స్టాండు వేసి, పది పదిహేనుమంది ఒక ముసలాయన్ని కొడుతున్న గుంపులోకి నడిచి వెళ్ళాడు. ఆ బండి కోసం ఆయన ఆరేళ్ళు ఎదురు చూశాడు. దాని మీద కూర్చుని ఒక్క నిమిషం కూడా కాలేదు. ఏం జరిగిందని ఎవరినీ అడగలేదు. భుజాలతో తోసుకుంటూ లోపలికి పోయి, ముసలాయన తల మీదికి దిగుతున్న టైర్లు ఊడదీసే ఇనప లివరుకి తన కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు నాలుగడుగుల దూరంలో కూర్చున్న నాకు వినబడింది. పచ్చి కొమ్మని విరిస్తే వచ్చే చప్పుడు లాంటిది. మావయ్య అరవలేదు. చెయ్యి వేలాడిపోతుంటే దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, ముసలాయనకీ లివరు పట్టుకున్నవాడికీ మధ్యన అలాగే నిలబడ్డాడు.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. మావయ్య అక్కడ ఒక కాంట్రాక్టరు కింద గ్యాస్ కటింగ్ పని చేసేవాడు. అంతకుముందు పోర్టులో హెల్పరుగా ఉన్నప్పుడు, రోజూ పొద్దున్నే ఒక ఇంజనీరుగారు మిలటరీ ఆకుపచ్చ రంగు మోటారు సైకిలు మీద గేటు దాటి లోపలికి వెళ్ళేవారట. ఆ బండి చప్పుడు కోసం మావయ్య పావుగంట ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడేవాడు. అలాంటి బండ్లు ఊళ్ళో చాలానే ఉన్నాయి. ఆయనకి మాత్రం ఆ ఒక్క బండే కావాలి. దాని నంబరు మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. మా అమ్మ, అంటే ఆయన అక్క, సంబంధాల మాట ఎత్తితే, ముందు బండి రానీ అనేవాడు.

ఆ పిచ్చి నాకూ అంటించాడు. పెరట్లో అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, చేతులకి రోకలి ఇచ్చి, అదే హ్యాండిల్ అనేవాడు. కిక్కు కొట్టే ముందు మీటరులో ముల్లు నడిమధ్యకి వచ్చిందా లేదా చూసుకోవాలనీ, లేకపోతే కిక్ రాడ్డు తిరిగి తన్ని కాలి పిక్క చితికిపోతుందనీ, ఆ బండికి గేర్లు కుడికాలి కింద ఉంటాయనీ నాకు బడి పాఠాల కంటే బాగా వచ్చు. ఇంజనీరుగారికి బదిలీ అయి, బండి ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి అమ్మకానికి వచ్చిందని తెలిసిన రోజు ఆయన అన్నం తినలేదు. ఆదివారం ట్రయల్ చూసుకోమన్నారు. తనతోపాటు నన్ను తీసుకెళ్ళాడు. ట్రయల్ అయ్యాక నన్ను వెనకాల ఎక్కించుకుని గాజువాక జంక్షన్ దాకా ఒక చుట్టు తిప్పుతానని మాట ఇచ్చాడు.

నన్ను తీసుకెళ్ళడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాత బండ్లు అమ్మే ఆ షెడ్డుకి ఒక పద్ధతి ఉండేది. ట్రయల్‌కి వెళ్ళేవాడు తన మనిషిని ఒకరిని అక్కడ వదిలి వెళ్ళాలి. షెడ్డు ముందు, పాత లారీ నుంచి ఊడదీసిన పొడుగాటి సీటు ఒకటి వేసి ఉండేది. వదిలిన మనిషి బండి తిరిగొచ్చేదాకా దాని మీద కూర్చోవాలి. కూర్చునే ముందు చెప్పులు విప్పి లోపలికి ఇచ్చెయ్యాలి. ఆ ఎండలో, ఇనప ముక్కలూ నూనె మరకలూ ఉన్న ఆ నేల మీద, చెప్పుల్లేకుండా ఎవరూ పారిపోలేరు. ఊరూ పేరూ రాసుకునేవారు కారు. మనిషి సీటు మీద ఉంటే చాలు.

షెడ్డు ఆసామి మంచి మాటకారి. "ఎవర్ని ఒగ్గేసి ఎల్తావు బావా?" అని మావయ్యని అడిగాడు. మేనకోడలు అని చూపిస్తే నన్ను కిందకీ మీదకీ చూసి, "నువ్వు పారిపోతే ఈ గుంటకి అన్నం ఎట్టలేక నాను సచ్చిపోతాను" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నా చెప్పులు ఆయనే చేత్తో తీసుకెళ్ళి లోపల పెట్టాడు. ఇది చెప్పడం ఎందుకంటే, తరవాత లివరు పట్టుకున్నది ఆయనే.

సీటు మీద అప్పటికే ఒక ముసలాయన ఉన్నాడు. పంచె, తెల్ల చొక్కా, ఒళ్ళో గుడ్డ సంచీ. అంతకు కొంచెం ముందే ఒక కుర్రాడు వేరే బండి, ఎర్రది, ట్రయల్‌కి తీసుకెళ్ళాడు. ముసలాయన ఆ కుర్రాడి తాలూకు అని అందరూ అనుకున్నారు. మావయ్య షెడ్డు ముందున్న మైదానం ఆ చివర మెకానిక్కుతో కలిసి ఆకుపచ్చ బండి ప్లగ్గు తుడిపిస్తూ, సీసాతో పెట్రోలు పోయిస్తూ ఉంటే, ముసలాయన నాతో మాటల్లో పడ్డాడు. ఎలమంచిలి అవతల పల్లెటూరట. గాజువాకలో కూతురి ఇంటికి వచ్చాడు. సంచీలో మనవలకి బెల్లం, నువ్వులుండలు ఉన్నాయి. బస్టాపులో ఆ కుర్రాడు కనబడి, పది నిమిషాలు నాతో వచ్చి కూర్చో తాతా, టిఫిను పెట్టిస్తాను, తిరిగొచ్చి బండి మీద మీ అమ్మాయి ఇంటి దగ్గర దింపుతాను అన్నాడట. పక్కనే ఉన్న టిఫిను బండి దగ్గర ఇడ్లీ పెట్టించాడు. కుర్రాడి పేరేమిటో ఈయన అడగలేదు.

"నాను బతుకులో ఇలాటి బండి ఎక్కనేదమ్మా" అన్నాడు. "మా అమ్మి గుమ్మం కాడ దీని మీంచి దిగితే, ఆళ్ళత్తగారు ఏటనుకుంటాదో సూడాలి."

నేను ఆయనకి మీటరు ముల్లు సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఇద్దరం బండి ఎక్కడం కోసమే అక్కడ కూర్చున్నాం.

పది నిమిషాలన్నది గంట దాటింది. ఎర్ర బండి రాలేదు. షెడ్డు ఆసామి రెండుసార్లు రోడ్డు దాకా వెళ్ళి చూసి వచ్చాడు. మూడోసారి తిరిగొచ్చినప్పుడు ఆయన మొహంలో పొద్దుటి మనిషి లేడు. ఆ బండి ఆయనది కాదు, ఎవరో నమ్మి అమ్మిపెట్టమని ఇచ్చింది. నేరుగా సీటు దగ్గరికి వచ్చాడు.

"ఆడు నీకేటవుతాడు? అల్లుడా?"

"కాదు బావూ."

"మరి ఎవుడు?"

"నాకు తెల్దు."

"తెల్దంట" అన్నాడు వెనకాల ఎవరో. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే చెంప మీద దెబ్బ పడింది. ముసలాయన సీటు మీంచి పక్కకి ఒరిగాడు. చొక్కా పట్టుకుని లేపి మళ్ళీ కొట్టారు. చుట్టుపక్కల షెడ్లలో పనివాళ్ళు చేతిలో ఏదుంటే దానితో వచ్చారు. ఒకడు ట్యూబు ముక్కతో వీపు మీద కొట్టాడు. ఒకడు సైకిలు చైను చేతికి చుట్టుకుని వచ్చాడు. ఏం జరిగిందని అడిగినవాళ్ళు కూడా, ముందు ఒక దెబ్బ వేసి ఆ తరవాతే అడిగారు. సంచీ చిరిగి నువ్వులుండలు కాళ్ళ కింద పడి నలిగాయి. ఆయన పారిపోబోయి రెండడుగులు వేసి, కాలిన నేల మీద పాదాలు నిలవక మోకాళ్ళ మీద పడిపోయాడు. నాలుగో దెబ్బ దాకా "బాబూ, బాబూ" అన్నాడు. ఆ తరవాత అనలేదు. ఎడమ కంటి నుంచి రక్తం చెంప మీదుగా చొక్కా మీదికి దిగింది.

నాకు అంతా తెలుసు. ఆయన చెప్తున్నది నిజమని తెలిసిన మనిషిని, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, నేనే ఉన్నాను. నోరు తెరవలేదు.

పన్నెండేళ్ళ పిల్ల, భయపడి ఉంటుంది అని ఎవరైనా అంటారు. భయం ఉంది, కాదనను. కానీ నోరు నొక్కింది అది కాదు. మైదానం చివర మావయ్య, ఇటు చూడకుండా, బండి ఎక్కుతున్నాడు. మధ్యాహ్నం ఆ బండి కొనడానికి ఇంకో పార్టీ వస్తుందనీ, ఈలోగా ట్రయల్ అయిపోవాలనీ ఆసామి పొద్దుటే చెప్పాడు. నేనిప్పుడు మాట్లాడితే గొడవ నా మీదికీ, నా మీంచి మావయ్య మీదికీ వస్తుంది. ట్రయల్ ఆగిపోతుంది. వాళ్ళే కాసేపు కొట్టి వదిలేస్తారులే అనుకున్నాను. అలా అనుకుంటూ మావయ్య వైపే చూస్తున్నాను. ఆయన వంగి మీటరు చూసుకున్నాడు. ఒక్క కిక్కుకే ఇంజను అందుకుంది. ఆ చప్పుడుకి, అంత గోలలోనూ, నాకు సంతోషం కలిగింది. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మావయ్య తల ఎత్తి నన్ను చూశాడు. తరవాత గుంపుని చూశాడు. కాళ్ళ మధ్య నుంచి ముసలాయన కనబడి ఉండాలి. ఇంజను ఆగిపోయింది.

చెయ్యి విరిగాక ఒక్క క్షణం అంతా బిగుసుకుపోయారు. లివరు మళ్ళీ లేచింది. అప్పుడు నేను సీటు ఎక్కి నిలబడి, ఆ తాతకి వాడెవడో తెలీదనీ, బస్టాపులో దొరికాడనీ, టిఫిను పెట్టించి కూర్చోబెట్టాడనీ అరిచాను. ఎవరూ నమ్మినట్టు లేదు. టిఫిను బండి ఆవిడ మాత్రం, తల వంచుకునే, "గుంట సెప్పింది నిజవే. నా కాడే తిన్నారు. నీ పేరేటి తాతా అని ఆడు నా ముందే అడిగాడు" అంది. ఆవిడా అంతసేపూ అక్కడే ఉంది. టిఫిను బండి పెట్టుకున్న జాగా షెడ్డు ఆసామిది.

గుంపు ఎలా కరిగిందో చెప్పలేను. చూస్తుండగానే చైనూ ట్యూబు ముక్కా కనబడకుండా పోయాయి. షెడ్డు ఆసామి లివరు కింద పడేసి, నా వైపు తిరిగి, "తెలిసినదానివి ముందే సెప్పొచ్చు గదే" అన్నాడు. కోపంగా అనలేదు. దాదాపు ఏడుస్తున్నట్టే అన్నాడు. మావయ్య ఆ మాట విన్నాడు. నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఆళ్ళిద్దరి సెప్పులూ ఇయ్యి బావా" అన్నాడు మావయ్య ఆసామితో.

ముగ్గురం రిక్షాలో ఆసుపత్రికి వెళ్ళాం. ముసలాయన తల నా ఒళ్ళో ఉంది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. సాయంత్రానికి ఎవరో కబురు చేరవేస్తే కూతురు ఏడుస్తూ వచ్చి తీసుకెళ్ళింది. మర్నాడు మా నాన్న షెడ్డుకి వెళ్ళేసరికి ఆకుపచ్చ బండి అక్కడ లేదు.

ఆ రాత్రి మా అమ్మ తమ్ముణ్ణి తిట్టిపోసింది. ముక్కూ మొహం తెలియనివాడి కోసం కూడు పెట్టే చెయ్యి విరగ్గొట్టుకుంటావా, వాడు దొంగ కాడని నీకేం తెలుసు అని. "నాకు తెల్దక్కా" అన్నాడు మావయ్య. "దొంగైనా, ఆ లివరు తల మీద పడితే సచ్చిపోతాడు గదా." పక్క గదిలో పడుకున్నట్టు నటిస్తూ నేను విన్నాను.

నేను ఆ రోజు నుంచి మోస్తున్నది ఇదే. న్యాయం ఎవరి వైపు ఉందో తెలిసిన నేను కూర్చునే ఉన్నాను. ఏమీ తెలియని ఆయన బండి దిగి వెళ్ళాడు. తెలుసుకోవడం పెద్ద సంగతే, నా ఉద్యోగ జీవితమంతా దాని మీదే గడిచింది. కానీ వంద సంగతులు తెలిసినవాళ్ళు లారీ సీటు మీద కూర్చుని ఉండగా మనుషులు దెబ్బలు తినడం ఆ తరవాత కూడా చాలాసార్లు చూశాను. కొన్నిసార్లు లేచాను. అన్నిసార్లూ లేచానని చెప్పలేను.

మావయ్య మణికట్టు వంకరగా అతుక్కుంది. గ్యాస్ కటింగ్ మానేసి స్టోరులో చేరాడు. యాక్సిలరేటరు తిప్పేది ఆ చేత్తోనే కాబట్టి తరవాత ఏ బండీ నడపలేదు. ఎర్ర బండి తుని దగ్గర పట్టుబడిందని కొందరన్నారు. లంకెలపాలెం దగ్గర లారీ గుద్ది ఆ కుర్రాడు చచ్చిపోయాడని, దొంగతనమే కాదని, ఇంకొందరన్నారు. ఏది నిజమో తేలలేదు. ముసలాయనకి కంటిచూపు తిరిగి వచ్చిందో లేదో కూడా తెలియదు. ఆయన పేరుగానీ కూతురి ఇల్లుగానీ మాకు తెలియక, కట్టు విప్పాక మావయ్య ఎలమంచిలి వెళ్ళి ఒక పూటంతా వెతికి తిరిగొచ్చాడు.

ముందే ఎందుకు చెప్పలేదని మావయ్య నన్ను ఆ రోజు అడగలేదు, తరవాతా అడగలేదు. ఇప్పుడాయనకి డెబ్బై దాటాయి, గాజువాకలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పోయిన నెల వెళ్ళినప్పుడు ఎలాగైనా చెప్పేయాలనుకుని, "మావయ్యా, ఆ రోజు షెడ్డు దగ్గర నేను" అని మొదలుపెట్టాను. ఆయన వీధిలోకి చూస్తూ, "ఆ బండి ఎవరు కొన్నారో నీకేమైనా తెలిసిందా అమ్మడూ?" అన్నాడు. తెలియలేదన్నాను. తరవాత ఆయన నా బస్సుకి టైమైందన్నాడు. నా మాట ఇంకా చెప్పలేదు.