మందు కొట్టిన ఆకు

మొక్కలు పెంచే గోతాల్లో ఆరోదాని దగ్గర స్యోంబువా కాళ్ళు ఆగిపోయాయి. పొద్దున నిండుగా ఉన్న సుకుమ ఆకుకూర మొక్కలకు కింది వరస ఆకు ఒక్కటి లేదు. తుంచిన చోట తడి కూడా ఆరలేదు.

నిన్ననే ఆ గోతానికి పేనుబంక పట్టిందని మందు కొట్టింది. వారందాకా ఆకు ముట్టుకోవద్దని మందులమ్మే అతను రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చాడు.

కిబెరా మురికివాడలో, రైలు పట్టాల దిగువన ఉన్న ఆ సందులో మందు కొట్టినవాళ్ళు గోతానికి ఎర్రగుడ్డ కడతారు. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. స్యోంబువా కట్టలేదు. మరిచిపోయి కాదు.

ఆ గోతాలన్నీ ఆమె భర్త ముతీసో నింపినవి. తోపుడుబండి లాగే మనిషి, సరుకు దింపి వస్తూ ఖాళీ బండిలో మట్టి తెచ్చేవాడు. అడుగు తీసేసిన డబ్బాను గోతం నడుమ నిలబెట్టి, అందులో రాళ్ళు, చుట్టూ మట్టి పోస్తూ, డబ్బాను కొంచెం కొంచెం పైకి లాగేవాడు. ఆ రాళ్ళ సందుల్లోంచే నీళ్ళు అడుగుదాకా దిగేవి. పక్కలకు చిల్లులు పొడిచి నారు గుచ్చడం ఆమె పని. కింది ఆకు ఎవరు తుంచుకున్నా అతను చూడనట్టే ఊరుకునేవాడు.

పోయిన వానల్లో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. అంతవరకు ఎవరినీ పల్లెత్తు మాట అనని స్యోంబువా, ఆకు పోయిందంటే చాలు, "దొంగల్లారా" అని సందు దద్దరిల్లేలా తిట్టడం మొదలుపెట్టింది. అతను పోసిన మట్టినే ఎవరో పిడికిళ్ళతో ఎత్తుకుపోతున్నట్టుండేది ఆమెకు. నిన్న ఎర్రగుడ్డ చేతిలోకి తీసుకుని, తిననీ, కడుపు పట్టుకుని ఏడిస్తే అప్పుడు తెలుస్తుంది అనుకుని, మడిచి లోపల పెట్టేసింది.

ఇప్పుడు ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల కుంపటి రాజుకుంటోంది. ఉల్లిపాయలు వేగుతున్న వాసన.

ఆమె పరుగెత్తింది.

"అవూర్, నీ గిన్నెలో ఏముంది?"

"చేపలు. ఏం, నీ ఆకు ఈతకొచ్చి ఇందులో దూకిందా?" మొదటి ఇంటి అవూర్ మూత ఎత్తి చూపించింది. "ఒక్కదానివే వచ్చావేం, పోలీసుల్ని కూడా తెచ్చుకోకపోయావా?"

పక్కింటి నఫూలా గిన్నె మీద మూత నొక్కి పట్టుకుంది. ఆమె ఇద్దరు పిల్లలు మొక్కజొన్నపిండి ఉగాలి ముద్దలు ముందు పెట్టుకుని కూర కోసం చూస్తున్నారు.

"బజార్లో కొన్నాను పో. మొన్న నువ్వు తిట్టిన తిట్లే ఇంకా అరగలేదు."

ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకుంటే దొంగ. ఆ పేరు పెట్టింది తనే. స్యోంబువా సందు నడుమ నిలబడి గొంతెత్తింది.

"ఆరో గోతానికి మందు కొట్టాను! ఆ ఆకు తినకండి!"

"గుడ్డ ఏదీ?" నఫూలా నవ్వింది. "మూతలు తీయించడానికి భలే ఎత్తు వేశావే!" కూర గరిటెతో తీసి చిన్నవాడి కంచంలో వేసింది.

"కావాలనే కట్టలేదు! తిన్నవాళ్ళకు జబ్బు చెయ్యాలనే కట్టలేదు! మీ కాళ్ళు పట్టుకుంటా, పిల్లలకు పెట్టకండమ్మా!"

నఫూలా నవ్వు ఆగిపోయింది. నోటిదాకా వెళ్ళిన పిల్లాడి చేతిమీద ఒక్క దెబ్బ వేసింది. ముద్ద మట్టిలో పడింది. గిన్నె ఎత్తి మురికి కాలవలో బోర్లించింది.

అంతలో సందు చివర ఇంకో గిన్నె బోర్లించిన చప్పుడు. కెరూబో. ముతీసో పోయినప్పుడు వారం రోజులు స్యోంబువాకు నీళ్ళుపోసి, ముద్దలు కలిపి తినిపించిన కెరూబో.

"నువ్వా?"

"నేనే. ఆయన ఉన్నప్పుడూ నేనే," అంది కెరూబో తల ఎత్తకుండా. "పిల్లలింకా తినలేదులే."

స్యోంబువా ఉన్నచోటే కూలబడింది.

"అలా కూర్చుంటే ఎలా?" అంది నఫూలా. "ఇప్పుడు వీళ్ళకేం పెట్టమంటావు, నీ నిజమా?"

స్యోంబువా లేచి లోపలికి వెళ్ళి, రేపటికి కూడా వస్తాయని ఉడకబెట్టుకున్న మొక్కజొన్న గింజలు, చిక్కుడుగింజలున్న కుండ తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. పిల్లలు కంచాలు చాపారు. నఫూలా వాళ్ళ చేతులు వెనక్కి లాగింది.

"ముందు నువ్వు తిను."

స్యోంబువా పిడికెడు తీసుకుని నోట్లో పెట్టుకుంది. నఫూలా, కెరూబో, అవూర్, అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. నమిలింది. మింగింది. నఫూలా ఇంకాసేపు ఆమె మొహంలోకి చూసి, అప్పుడు పిల్లల చేతులు వదిలింది.