గినీ పందుల మెడలో మువ్వ

మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. గినీ పందులు ఆదివారం లోపల ఆడాలి. ఆడకపోతే కొన్న అంగడికే తిరిగి పోతాయి.

ఏడో తరగతి చదివే మా కూతురికి పుట్టినరోజు కానుకగా వాటిని తెచ్చింది వాళ్ల మేనమామ. బోను అప్పగించి, రాప్తాడు బస్సెక్కి హాయిగా వెళ్లిపోయాడు. గడప దాటి వచ్చిన దూడకైనా మేకపిల్లకైనా మా అమ్మ నల్లదారంతో మెడలో మువ్వ కడుతుంది. తోకలేని పెద్ద ఎలకల్లాంటి వీటికీ కట్టింది. పందులు అనే పేరు విని మొదట ముక్కు మూసుకున్నా, దిష్టి మాత్రం తగలనివ్వలేదు.

ఆ రోజు నుంచి అవి బోను మూలలో ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. లేవవు, తిరగవు. ఎవరూ చూడనప్పుడు కాసింత గడ్డి కొరుకుతాయి.

"తిని కూసునేటోళ్లు ఈ ఇంట్లో ఉండనే ఉండారు," అంది మా ఆవిడ, నా చేతిలోని పుస్తకం వైపు చూస్తూ. "ఇంగా ఇవి యాల?"

ఆమె న్యాయం ఆమెది. కరువు నేలలో ఎద్దు దున్నాలి, మేక ఈనాలి, కుక్క మొరగాలి. ఏ పనీ రాని జంతువు కనీసం ఆడి చూపించి బతకాలి.

"నాయనా, నువ్వే ఏదన్నా చదివి చెప్పు," అని మా కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది. మా ఇంట్లో నా చదువు మీద నమ్మకం ఉన్న మనిషి తనొక్కతే. పదో తరగతితో బడికీ నాకూ చెల్లిపోయింది కానీ, లైబ్రరీకీ నాకూ ఇంకా చెల్లలేదు. అక్కడ కోళ్ల జబ్బుల పుస్తకాల వెనక గినీ పందుల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆట వస్తువుల అధ్యాయం మొత్తం చదివేశాను. గినీ పందుల గురించి ఈ జిల్లాలో నాకంత తెలిసినవాడు లేడని అప్పుడు గట్టిగా అనిపించింది.

మొదట బోనులోని తీగల చక్రం తీసేయాలన్నాను. వాటి వెన్ను చక్రంలో పరుగెత్తడానికి వంగదు, కాళ్లు తీగల మధ్య ఇరుక్కుంటాయి.

"ఉండేదే అదొక్కటి. అదీ పీకేస్తే దేంతో ఆడతాయి, మీ పుస్తకంతోనా?" అంది మా ఆవిడ. చక్రం ఉండిపోయింది.

తర్వాత రాయదుర్గం నుంచి మా బావ, మా అక్క మొగుడు, దిగాడు. అక్కడ జీన్స్ కుట్టే యూనిట్లో సూపర్‌వైజరు. దూరి ఆడుకుంటాయని ఒక ప్యాంటు కాలు కత్తిరించి తెచ్చాడు. కొరికితే దారాలు కడుపులోకి పోయి పేగులకు అడ్డం పడతాయని చెప్పాను.

"ఏమప్పా, ఊరంతా తొడుక్కునే గుడ్డ నీ ఎలకలకు పనికి రాదా?" అని అలిగి, కాఫీ మాత్రం తాగి వెళ్లాడు.

ఇక నా వంతు. అట్టపెట్టెకు టేపూ పిన్నులూ తీసేసి రెండు వాకిళ్లు కోశాను. రెండెందుకంటే, ఒకటి గడపలో కూర్చుంటే రెండోది బయటపడాలి కదా. అట్ట గొట్టానికి మెడ ఇరుక్కోకుండా నిలువునా గాటు పెట్టాను. రంగులు లేని కాగితం ఉండగా చుట్టి, మధ్యలో గడ్డి దాచాను. అంతా పుస్తకంలో ఉన్నట్టే. అవి నా శాస్త్రాన్నంతా చూసి, మూలలోనే కూర్చున్నాయి.

శనివారం సాయంత్రం మా కూతురు కొత్తిమీర కాడ చూపిస్తే, గోధుమరంగుది ఒక అడుగు వేసింది. మువ్వ మోగింది. ఆ చప్పుడుకు బెదిరి చక్రంలోకి దూకింది. దారం తీగకు తగులుకుంది. అది గింజుకునే కొద్దీ చక్రం తిరిగి, మెడకు బిగిసింది.

నేను పుస్తకం కోసం లేచాను. మా ఆవిడ కత్తెర కోసం లేచింది. దాన్ని అరచేత పట్టి దారం కత్తిరించింది. అదే ఊపులో రెండోదానిదీ కత్తిరించింది.

"దిష్టి తగుల్తాదమ్మా," అంది మా అమ్మ.

"ఇంగేం తగలాలత్తా, ఉరే తగిలె."

కాసేపు కదలిక లేదు. తర్వాత గోధుమరంగుది గొట్టంలో తల పెట్టింది, అవతల తేలింది. రెండోది కాగితం ఉండను ముక్కుతో తోసింది. ఉన్నట్టుండి రెండూ పెనంలో జొన్న పేలాల్లా నిలుచున్న చోటే ఎగిరాయి. సంతోషమొస్తే అలా ఎగురుతాయని పుస్తకంలో ఉందని చెప్పాను.

"మెడకు ఏమీ కట్టగూడదని లేదా అందులో?"

ఆట వస్తువుల అధ్యాయంలో లేదు. దాన్ని రాసినవాడు మా అమ్మ ఉన్న ఇంట్లో ఏ జంతువునూ పెంచి ఉండడు.

మా ఆవిడ చక్రం ఊడబీకి నా చేతిలో పెట్టింది. అంగడి మాట ఆదివారం ఎవరూ ఎత్తలేదు. మా అమ్మ మువ్వను బోను తలుపుకు కట్టింది. యాడ కట్టినా దిష్టికి ఒగటేనట. ఇప్పుడు తలుపు మోగితే చాలు, రెండూ గడ్డి కోసం ఈలలు వేస్తాయి.

మా వీధిలో పచ్చగడ్డి మొలిచే చోటు కుళాయి పైపు కారే చోటొక్కటే. నీళ్లు వృథా అవుతున్నాయని ఏడాదిగా ఆఫీసుకు ఫోన్లు చేసింది మా ఆవిడే. మొన్న దాన్ని బాగుచేయడానికి మనుషులు వస్తే, గంప చంకన పెట్టుకుని ఎదురుపోయింది.

"ఇంగో నాలుగు దినాలు ఆగండన్నా," అంది. "ఇంట్లో బిడ్డలు తినాల."