ఆగడం తెలియని తాతయ్య

నా చిన్నప్పుడు మా తాతయ్య తీరిగ్గా కూర్చుని ఉండగా చూసిన గుర్తు నాకు లేదు. మా అమ్మ వాళ్ళ నాన్న ఆయన. అద్దంకి నుంచి గుంటూరు వెళ్ళే బస్సుకు ముప్పై ఏళ్ళు డ్రైవరుగా పనిచేశాడు. డ్రైవరంటే కూర్చునే పనే కదా అనుకుంటారేమో. ఆ సీటులో తప్ప ఆయన ఇంకెక్కడా కూర్చోలేదు. ఇంట్లో ఉన్న కాసేపూ నిలబడే కాఫీ తాగేవాడు. వాకిట్లో అటూ ఇటూ నడుస్తూనే మమ్మల్ని ఏదో అడిగేవాడు, మేం జవాబు చెప్పేలోపు గేటు దాటి వెళ్ళిపోయేవాడు.

ఆయన రిటైరైన ఏడాది నాకు పదేళ్ళు, మా చెల్లికి ఏడు. వేసవి సెలవులకు ఎప్పటిలాగే అద్దంకి పక్కనున్న వాళ్ళ ఊరికి వెళ్ళాం. అంతకుముందు సెలవులంటే మాకు అమ్మమ్మే. ఈసారి తాతయ్య కూడా రోజంతా ఇంట్లో ఉన్నాడు. ఉన్నాడన్న మాటేగానీ ఉండలేకపోయాడు. తెల్లవారకముందే స్నానం చేసి తయారై, వెళ్ళాల్సిన చోటు లేక దొడ్లో తిరిగేవాడు. కల్లంలో ఎండబోసిన మిరపకాయలను కూలీలు ఒకసారి తిరగేసి వెళ్తే, వాటినే మళ్ళీ తిరగేసేవాడు. రోడ్డు మీద బస్సు చప్పుడైతే గోడ గడియారం వైపు చూసి, "ఏడు నిమిషాలు లేటు" అనేవాడు, ఎవరూ అడక్కుండానే.

అమ్మమ్మ కొన్నాళ్ళు ఓర్చుకుంది. తర్వాత ఒకరోజు, "ఊళ్ళోవాళ్ళ పిల్లలందర్నీ ముప్పై ఏళ్ళు తిప్పారుగా, మన పిల్లల్ని కూడా ఎటన్నా తిప్పుకు రండి. నా మోకాళ్ళు రావు, మీరు ముగ్గురూ వెళ్ళండి" అంది. అలా మరుసటి వారానికి మాకు చీరాల దగ్గరున్న వాడరేవు సముద్రానికి ప్రయాణం కుదిరింది. నేను అప్పటికి సముద్రం చూడలేదు. ఆ వారం రోజులూ మా చెల్లికి సముద్రం గురించి నాకు తెలియనివన్నీ చెప్పాను.

చీరాల వెళ్ళే బస్సులో డ్రైవరు వెనక సీటే తాతయ్య పట్టుకున్నాడు. బస్సు కదిలిన దగ్గర్నుంచి ఆయన కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది. ఎదురుగా ఎడ్లబండి వస్తే ఆయన బ్రేకు వేసేవాడు. మలుపు వస్తే ఆయన చేతులు గాలిలో తిరిగేవి. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి, ఆ ఘాటుకు బస్సంతా తుమ్ముతోంది. తాతయ్యకు అవేం పట్టలేదు. గేరు మార్చమని రెండుసార్లు చెప్పాక ఆ డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, "బాబాయ్, ఈ ఒక్కరోజు నాకు వదిలెయ్యండి, మీరు పిల్లలకు పొలాలు చూపించండి" అన్నాడు. అందరూ నవ్వారు. తాతయ్య నవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు చూసుకున్నాడు.

వాడరేవు చేరేసరికి పది దాటింది. సముద్రం నేను చెప్పినట్టుగా లేదు, అంతకంటే పెద్దదిగా ఉంది. చెల్లీ నేనూ నీళ్ళలోకి పరిగెత్తాం. తాతయ్య మాత్రం చెప్పులు విప్పకుండా పొడి ఇసుకలో నిలబడి, మా వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూస్తున్నాడు. తెచ్చుకున్న పులిహోర పదకొండింటికే తినిపించాడు. చేతులు కడుక్కోకముందే, "చూశారుగా, తడిశారుగా, ఇక పదండి. పన్నెండు గంటల బస్సు దొరుకుద్ది" అన్నాడు. దాని తర్వాత బస్సు నాలుగింటికట.

వారం రోజులు ఎదురుచూసింది గంటసేపటి కోసమా అని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన చెల్లి గౌను పిండుతుండగా నేను మెల్లగా జారుకున్నాను. కాస్త దూరంలో బోర్లించిన పాత పడవ ఒకటుంది. దాని పక్కన ఒక ముసలమ్మ చేపలు ఆరబెడుతోంది. పడవ కిందికి దూరి పడుకున్నాను. పిల్లల ఆటేమో అనుకుని ఆవిడ నవ్వి ఊరుకుంది. బస్సు వెళ్ళిపోయేదాకా ఉంటే చాలు, ఇంకో నాలుగు గంటలు సముద్రం మాదే అనుకున్నాను.

మొదట తాతయ్య గొంతు కోపంగానే వినిపించింది. "ఏమే, ఆటలాడుతున్నావా, రా ఇటు" అన్నాడు. నేను నోరు మూసుకుని పడుకున్నాను. దూరంగా బస్సు హారన్ మోగింది, బస్సు వెళ్ళిన చప్పుడూ వినిపించింది. తాతయ్య ఆ బస్సు కోసం పరిగెత్తలేదు. నన్నే పిలుస్తున్నాడు. కాసేపటికి ఆ పిలుపులో కోపం పోయింది. నా ముద్దుపేరు ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. బయటికి రావాలనిపించింది. కానీ ఎంత ఆలస్యమైతే అంత భయం పెరిగింది. ఇప్పుడు వస్తే కొడతాడు, ఇంకాసేపు ఆగితే ఇంకా కొడతాడు. రెండూ తేల్చుకోలేక ఇసుక గీరుతూ ఉండిపోయాను. బయట చెల్లి ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు ఆ ముసలమ్మ గొంతు వినిపించింది. "ఓ పెద్దాయనా, ఈత వచ్చా నీకు? నీళ్ళల్లో ఏం దేవుతున్నావు? నీ పిల్ల ఇక్కడ పడవ కింద పడుకుంది."

తల బయటపెట్టి చూశాను. తాతయ్య చొక్కా, పంచెతోనే ఛాతీలోతు నీళ్ళలో ఉన్నాడు. ఆయనకు ఈత రాదు. రెండు చేతులతో నీళ్ళను పక్కకు తోస్తూ నా కోసం వెతుకుతున్నాడు. ఒక అల తలమీదుగా వెళ్ళింది. మళ్ళీ లేచాడు. ఆ మాట విని ఇటు తిరిగాక కూడా వెంటనే కదల్లేకపోయాడు. ఆ ముసలమ్మే వెళ్ళి చెయ్యి అందించింది.

ఒడ్డుకు వచ్చి, నా దాకా రాకుండానే తడి ఇసుకలో కూలబడ్డాడు. నేనే వెళ్ళి, దెబ్బ ఎటునుంచి పడుతుందోనని భుజాలు ముడుచుకుని ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, అంతే. ఇంత పని ఎందుకు చేశావని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఎందుకు చేశానో ఆయనకు తెలిసిపోయినట్టుంది.

"నీ అంతప్పుడు మీ అమ్మ రోజూ సాయంత్రం రోడ్డు మీద నిలబడేదమ్మా, నా బస్సు కోసం," అన్నాడు చివరికి. "చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. ఒక్కనాడు కూడా ఇంజను ఆపి కిందకు దిగలేదు. టైమైపోతదని."

మొహం మీది ఉప్పునీళ్ళు తుడుచుకున్నాడు. "ఇప్పుడు టైముంది. ఏం చెయ్యాలో తెలియట్లేదు. పిల్లలతో ఎట్టా కూర్చోవాలో నాకు రాదు. నువ్వు చెప్పు, నేర్చుకుంటాను."

పెద్దవాళ్ళు తమకు రానిది ఉందని చెప్పగా నేను అదివరకు వినలేదు. అందులోనూ పదేళ్ళ పిల్లను నేర్పమని అడగడం. భయం పోయి, ఎక్కడలేని బాధ్యత వచ్చింది నాకు. చెప్పులు విప్పమన్నాను. అల వచ్చి తగిలే చోట మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాను. అల వెనక్కి వెళ్ళేటప్పుడు మడమల కింద ఇసుక జారుతుంది చూడు, ముందు ఎవరు కాళ్ళు కదిపితే వాళ్ళు ఓడినట్టు అన్నాను. ఆయన ప్రతిసారీ ఓడిపోయాడు. మధ్యలో మూడుసార్లు లేచి రోడ్డు వైపు చూశాడు. "తాతయ్యా, కూర్చో" అంటే, "ఆ, ఆ" అంటూ మళ్ళీ కూర్చున్నాడు. నాలుగింటి బస్సుకు బయల్దేరేటప్పటికి, మా చెల్లి ఆయన ఒళ్ళో నిద్రపోతుంటే, దాన్ని లేపడానికి మనసొప్పక అలాగే ఎత్తుకుని నడిచాడు.

ఇంటికి వచ్చాక అమ్మమ్మ ఎందుకింత ఆలస్యమని అడిగింది. "టైము చూసుకోలేదు" అన్నాడు తాతయ్య. అమ్మమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి, నా వైపు తిరిగి, "మీ తాతయ్య టైము చూసుకోలేదా?" అంది. నేను అవునన్నట్టు తలూపాను. ఆ రోజు జరిగింది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు నేనే అమ్మకు చెప్పాను. అమ్మ అంతా విని, "నాకు బిస్కెట్లు ఇష్టం ఉండేవి కావే" అని మాత్రం అంది.

ఆ తర్వాత తాతయ్య మారిపోయాడని చెబితే అబద్ధం. చివరిదాకా ఆయన నడుస్తూనే ఉన్నాడు. కాకపోతే ప్రతి వేసవిలోనూ రోజుకు ఒకసారి మా దగ్గరకు వచ్చి, "ఇవాళ ఎట్టా కూర్చోవాలి?" అని అడిగేవాడు. మేం అష్టాచెమ్మా అనో, చింతగింజలనో చెప్పేవాళ్ళం. అడిగినంతసేపైనా కూర్చునేవాడు కాదు, కానీ అడగడం మాత్రం మానలేదు.

నేను ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. గంట కొడితే లేవడం, గంట కొడితే క్లాసు మారడం నా ఒంట్లోకి ఇంకిపోయింది. మంగళగిరిలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్తే, మనవరాలితో గడిపే నాలుగు రోజులకు కూడా మనసులో టైంటేబుల్ వేసుకుంటాను. మొన్న సెలవుల్లో దాన్ని ఒక నేతగాళ్ళ ఇంటికి తీసుకెళ్ళాను, మగ్గం చూపిద్దామని. పది నిమిషాలు చూపించాను. అక్కడి నుంచి కొండమీద గుడి, తర్వాత ఐస్‌క్రీమ్, మూడింటికల్లా ఇల్లు. ఇక పదమన్నాను. అది కదల్లేదు. "అమ్మమ్మా, నువ్వెప్పుడూ నెక్స్ట్ ఏంటి, నెక్స్ట్ ఏంటి అంటావు" అంది, మగ్గం మీంచి చూపు తిప్పకుండా.

కోప్పడబోయి ఆగాను. ఇన్నేళ్ళూ పిల్లలకు నేర్పడమే తప్ప, వాళ్ళను అడగడం నాకు అలవాటు లేదు. అయినా పక్కకు చేరి, "ఇంతసేపు ఏం చూస్తున్నావో నాకు తెలియట్లేదమ్మా, నాకూ చెప్పవూ" అన్నాను. అది అనుమానంగా నా మొహంలోకి చూసింది, నిజంగానే అడుగుతున్నానా అని. నిజమేనని నమ్మకం కుదిరాక కాస్త పక్కకు జరిగి, చాప మీద నాకు చోటిచ్చింది.