పంక్తికో సున్నా

అచ్చాఫీసులో ఆవిణ్ణి అందరూ కామా అక్క అనేవారు. ఏ పేజీలో కామా జారిపోయినా ఆవిడ కంటికి దొరకాల్సిందే. ఇరవై ఆరేళ్ళు ప్రూఫులు దిద్దింది. చేతిలో చిన్న అట్టముక్క పట్టుకుని, కింది పంక్తులన్నీ కప్పేసి, ఒక్కో పంక్తే చదివేది. చదివిన పంక్తిని అక్కడికక్కడే మరిచిపోవాలి. లేకపోతే మనసు దాని అర్థం వెంట పరిగెత్తుతుంది, తరవాతి పంక్తిలోని తప్పు తప్పించుకుపోతుంది. ఆ మరుపే ఆవిడ నేర్చిన విద్య.

ఈ ఏడాది ఆఫీసువాళ్ళు ప్రూఫు విభాగం ఎత్తేశారు. ఇక దిద్దే పని కంప్యూటరుదేనట. ఉండాలనుకున్నవాళ్ళు మూడు నెలల్లో కోడు రాయడం నేర్చుకోవాలి, ఆఖరి సోమవారం తలా ఒక ప్రోగ్రాము పనిచేయించి చూపించాలి. లేదంటే పింఛను పుచ్చుకుని ఇంటికి వెళ్ళొచ్చు. ఒంటి ప్రాణానికి ఆ పింఛను సరిపోతుంది. కానీ ఇంట్లో కూచుంటే పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పలకరించే నోరు ఉండదు. ఆఫీసులో కనీసం "కామా అక్కా, కాస్త జరుగు" అనేవాళ్ళయినా ఉన్నారు. ఆ ఒక్క మాట కోసం యాభై మూడేళ్ళ వయసులో మళ్ళీ ఓనమాలు దిద్దింది. నవ్వేవాళ్ళు నవ్వారు. నవ్వడానికి డబ్బులు పెట్టాలా ఏమన్నా?

పాఠం చెప్పే అమ్మాయి మంచిది, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేది. "పెద్ద సమస్యను చూసి హడలిపోకండమ్మా, ముక్కలు చేసుకోండి. ముందు కాగితం మీద చేత్తో చేసి చూడండి. అప్పటికీ తెమలకపోతే, మీరు రాసింది వరసగా పైకి చెప్పండి. ఏమీ తెలియని మనిషి ఎదురుగా కూచున్నాడనుకుని చెప్పండి."

కామా అక్క ముక్కలు చేసింది. చేత్తోనూ చేసింది. ఇక చెప్పుకోవడమే మిగిలింది. ఎదురుగా కూచునే మనిషిని ఎక్కణ్ణించి తెస్తుంది?

ఆదివారం మధ్యాహ్నం. తెల్లారితే సోమవారం. ప్రోగ్రాము చేయాల్సిందల్లా ఒక పేజీలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టడం. చేత్తో లెక్కపెడితే ఎనభై ఒకటి వచ్చాయి. కంప్యూటరు మాత్రం నాలుగు అంటోంది. ఎన్నిసార్లు అడిగినా నాలుగే, మొండిఘటం. అలవాటు కొద్దీ అక్షరం అక్షరం దిద్దింది. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. గోడవైపు తిరిగి మొత్తం పైకి చెప్పింది. గోడ బుద్ధిగా విని అన్నిటికీ ఒప్పుకుంది. ఒప్పుకునేవాళ్ళతో ఏ పనీ కాదు.

నాలుగింటికి చెల్లెలు ఫోను చేసింది. ప్రతి ఆదివారం చేస్తుంది. "తిన్నావా? ఒంట్లో బాగుందా? సరే, ఉంటానక్కా." అంతే, రెండు నిమిషాలు కూడా పట్టదు. పాపం దాని తప్పేం లేదు, ఇంటినిండా జనం. ఈసారి ఆ "ఉంటా" రాకముందే కామా అక్క అడ్డుపడింది.

"ఆగవే. నాకో సాయం చెయ్యి. నేను రాసింది చెబుతాను, అర్థం కాని చోట ఆపు."

"కంప్యూటరు సంగతి నాకేం తెలుసక్కా?"

"తెలియకపోవడమే కావాలి. నువ్వయితే సరిగ్గా సరిపోతావు."

చెల్లెలు పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. కామా అక్క మొదలుపెట్టింది.

"మొదటి పంక్తి తీసుకో అన్నాను. లెక్క సున్నా అన్నాను. ఒక్కో మాటకీ ఒకటి కలుపు అన్నాను. అది అయ్యాక రెండో పంక్తి తీసుకో. లెక్క సున్నా. ఒక్కో మాటకీ..."

"ఆగక్కా. మళ్ళీ సున్నా ఎందుకు? ముందు లెక్కపెట్టినవి ఏమైపోయాయి?"

కామా అక్క తను రాసిన పంక్తుల వైపు మళ్ళీ చూసింది. నిజమే, ఏమైపోయాయి? కొత్త పంక్తి వచ్చినప్పుడల్లా వెనకటి లెక్కంతా తుడిచేస్తోంది. చివరికి మిగిలేది ఆఖరి పంక్తిలోని నాలుగు మాటలే. ఇరవై ఆరేళ్ళుగా మరిచిపోతూ వచ్చిన మనిషి, కోడుకు కూడా మరిచిపోవడమే నేర్పింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

చప్పుడు చేయకుండా ఆ సున్నాను అన్నిటికంటే పైన ఒక్కసారే పెట్టి, కింద తీసేసింది. మీట నొక్కింది. ఎనభై ఒకటి. ఇక రేపటికి భయం లేదు, ఆఫీసులో కుర్చీ ఉంటుంది.

"ఏమైందక్కా, దొరికిందా?"

దొరికిందంటే సంతోషిస్తుంది. సంతోషించి, "అమ్మయ్య, ఉంటానక్కా" అంటుంది. మళ్ళీ ఆదివారం దాకా ఈ గొంతు వినబడదు. అవతల అప్పుడే ఎవరో చెల్లెల్ని పిలుస్తున్నారు.

"లేదే," అంది కామా అక్క, ఎనభై ఒకటిని చూస్తూ. "ఇంకా నాలుగే చూపిస్తోంది. మళ్ళీ మొదటినుంచి చెబుతాను, వింటావా?"

చెల్లెలు అక్కడివాళ్ళకి "వస్తున్నా, ఉండండి" అని కేకేసి, "చెప్పక్కా," అంది.

కామా అక్క మొదటి పంక్తి నుంచి చెప్పడం మొదలుపెట్టింది, చాలా నెమ్మదిగా.