బిల్లు వద్దన్న కాలు

తొడ ఎముక ఆపరేషన్‌కి బేరమాడి నాలుగు వేలు తగ్గించిన మనిషి మా కొత్తపేటలో నేనొక్కదాన్నే. మా నాన్నది కిరాణా కొట్టు. బిల్లు అడగని వాళ్ళకి ధర తగ్గుతుందని పలక పట్టకముందే నేర్చుకున్నాను. ఆ విద్యనే నర్సింగ్‌హోమ్ కౌంటర్ దగ్గర, చక్రాల కుర్చీలో కట్టుకాలు చాపుకుని ప్రదర్శించాను.

"బిల్లొద్దు, డిశ్చార్జి కాగితం వద్దు, ఎక్స్‌రే ఫిల్మ్ కూడా మీరే ఉంచుకోండి. ఎంత తగ్గిస్తారో చెప్పండి."

"ఇదేం కూరల కొట్టాండీ?" అన్నాడు గుమస్తా. అంటూనే తగ్గించాడు. ఆ సంగతి నెల్లాళ్ళు వీధంతా చెప్పుకున్నాను.

వాడపల్లి వెళ్ళొస్తూ ఆటో బోల్తాపడినప్పుడు నా పక్కన కూర్చున్నది మా తోడికోడలు, నా మరిది భార్య. నాకు కాలు విరిగింది, ఆమెకు కుడి చెయ్యి విరిగి పనికిరాకుండా పోయింది. ఆమె మాత్రం మందుల షాపు రసీదు సహా ప్రతి చీటీకీ చిల్లు పొడిచి ఫైల్లో పెట్టుకుంది. నేను నవ్వాను. ఏడాది తిరక్కుండా ఆ ఫైలుతోనే అమలాపురం క్యాంపుకి వెళ్ళి, అరవై శాతం వికలాంగత్వం అని రాయించుకొచ్చింది. నెలకి ఆరు వేల పింఛను. ఒకటో తారీఖున సచివాలయం మనిషి పక్కింట్లో ఆమెకి నోట్లు లెక్కపెట్టి ఇస్తుంటే, మా అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న నేను గింజలతో సహా చీల్చి పారేశాను.

నాదీ విరిగిన ఎముకే కదా! కాలు అంగుళం పొట్టిదయింది. మునుపటిలా మా కొట్లో నిలబడలేను. మందులకి ప్రతిసారీ కొడుకుని అడగాలి. పింఛనుకి నలభై శాతం చాలు. నాకు మాత్రం అరవై ఒకటి కావాలనిపించింది. ఆమెకి చెప్పకుండా స్లాట్ బుక్ చేయించుకున్నాను.

క్యాంపులో డాక్టరు నా కాలు కొలిచి, "ఆపరేషన్ కాగితాలేవమ్మా?" అన్నారు.

"బేరంలో పోయేయండి."

ఆయన పెన్నుకి మూత పెట్టేశారు. "పాత రికార్డు తెచ్చుకుని మళ్ళీ రండి." ఇంకో స్లాట్ దొరకడానికి అయిదు నెలలు పట్టింది.

ఈలోగా కుంటుకుంటూ నర్సింగ్‌హోమ్‌కి వెళ్ళాను. అదే గుమస్తా. "మీవి అప్పుడే ఇచ్చేశాం కదండీ. మీరు తగ్గించిన నాలుగు వేలూ మీ తోడికోడలుగారు కట్టేసి, బిల్లూ ఫిల్మూ అన్నీ పట్టుకెళ్ళేరు."

ఆమె ఫైలు తెరిస్తే, వెనకట్ట దగ్గర నా కాగితాలన్నీ ఉన్నాయి.

"నాతో చెప్పలేదేమే?"

"నాలుగు వేలు మిగిల్చేనని అంతలా మురిసిపోతున్నారు కదండీ అక్కా, ఎందుకులే అనుకున్నాను. క్యాంపుకెళ్తున్నానని మీరు మాత్రం నాకు చెప్పేరా ఏంటి?"

రెండోసారి నలభై రెండు శాతం రాశారు. పింఛను వచ్చింది. అయినా ఆమె అరవైకి తగ్గిన ఆ పద్దెనిమిది కంట్లో నలుసులా గుచ్చుతూనే ఉంది. ఒకరోజు నోరు జారాను కూడా: "అరవై వచ్చింది, అదృష్టవంతురాలివి."

"ఆయ్, మార్చేసుకుందాం రండి. మీ నలభై రెండూ నాకిచ్చేయండి, నా జడ నేనే అల్లుకుంటాను."

దువ్వెన ఆమె ఎడంచేతిలో ఉంది. అందుకుని జడ వేశాను. వేస్తూనే నా బాకీ మాట ఎత్తాను. నాలుగు వేలకి మూడున్నర ఇస్తానన్నాను, అలవాటు చొప్పున.

"బిల్లుందండక్కా," అంది. నాలుగూ ఇచ్చాను.

కాబట్టి నా బేరంలో మిగిలింది సున్నా. చేజారిన అయిదు నెలల పింఛను ముప్పై వేలు. అమలాపురానికి రెండోసారి ఆటో ఎనిమిది వందలు. మొత్తం ముప్పై వేల ఎనిమిది వందలు. ఇందులో గుమస్తా వల్ల గానీ, డాక్టరు వల్ల గానీ, ఆమె వల్ల గానీ పోయింది పైసా లేదు. అంతా నా ఖాతాయే.